కొయ్యబారిన కండరాలు చెప్పే కాలం

"మాస్టారూ! మా నాయనమ్మ తెల్లవారుజామున పోయింది. అప్పుడు చెయ్యి పట్టుకుంటే మెత్తగానే ఉంది. మధ్యాహ్నం మళ్లీ పట్టుకుంటే కర్రలా బిగుసుకుపోయింది. వేళ్లు వంచితే వంగలేదు. నాయనమ్మకి నా మీద కోపం వచ్చిందా?"

రేపల్లె పక్క పల్లె నుంచి బడికి వచ్చే ఒక విద్యార్థి, పెద్దకర్మ అయిన మరునాడు నన్నడిగిన ప్రశ్న ఇది. ఆ అబ్బాయి కళ్లల్లో నీళ్లున్నాయి. "కోపం కాదు నాయనా, రసాయన శాస్త్రం" అని ఊరుకుంటే సరిపోదు కదా! అందుకే ఆ సాయంత్రం అతనికి చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

చేపను అడగండి

నిజాంపట్నం రేవు నుంచి వచ్చిన చేపలను బజారులో మీ అమ్మగారు ఎలా ఎంచుతారో గమనించారా? మొప్పలు ఎత్తి ఎరుపు చూస్తారు. కన్ను చూస్తారు. కొందరు చేపను తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తుతారు. కొన్ని చేపలు తోక కిందికి వాలకుండా కర్రముక్కలా నిలుస్తాయి. కొన్ని తడిగుడ్డలా వేలాడతాయి. చేప అప్పుడే చచ్చినప్పుడు మెత్తగా ఉంటుంది. తరువాత కొయ్యబారుతుంది. ఆ తరువాత మళ్లీ మెత్తబడుతుంది. కోడికీ, మేకకూ, మనిషికీ కూడా ఈ మూడు దశలూ ఉన్నాయి. రెండవ దశను వైద్యులు 'రైగర్ మార్టిస్' అంటారు. మనం 'మరణ కాఠిన్యం' అందాం.

పట్టు విడిపించేది ఎవరు?

బావిలో నీళ్లు తోడేటప్పుడు మీ చేతులు ఏం చేస్తాయి? చేంతాడును పట్టుకుంటాయి, లాగుతాయి, పట్టు వదులుతాయి, మళ్లీ ముందుకు జరిగి పట్టుకుంటాయి. కండరంలోనూ జరిగేది ఇదే. ఆక్టిన్ అనే సన్నని పోగులు చేంతాడు అనుకోండి. మయోసిన్ అనే లావు పోగులకు ఉన్న చిన్న తలలు చేతులు. తల పోగును పట్టుకుని లాగితే కండరం కుంచించుకుంటుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. లాగడానికే కాదు, పట్టు వదలడానికి కూడా ఏటీపీ కావాలి. ఏటీపీ అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ఇది జీవకణాలలో శక్తిని అందించే పదార్థం. దాని అణువు ఒకటి వచ్చి మయోసిన్ తలను అంటుకుంటేనే ఆ తల పోగును వదులుతుంది.

ప్రాణం పోగానే రక్తప్రసారం ఆగిపోతుంది, ప్రాణవాయువు అందదు. అయినా కండరం వెంటనే దివాలా తీయదు. ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వ పదార్థం కొంతసేపు ఏటీపీని తిరిగి తయారుచేస్తుంది. గ్లైకోజెన్ మరికొంతసేపు ఆదుకుంటుంది. ఆ నిల్వలూ కరిగాక ఏటీపీ కరువవుతుంది. ఈలోగా కణంలోని అరలలో ఉండవలసిన కాల్షియం బయటికి కారి, తలలు పోగులను పట్టుకునేలా చేస్తుంది. పట్టుకున్నవి మరి వదలలేవు. కండరం ఉన్నది ఉన్నట్లే బిగిసిపోతుంది.

మరి మళ్లీ మెత్తబడడం ఎలా? ఏటీపీ తిరిగి రావడం వల్ల కాదు. కణాలలోని ఎంజైములు ఆ పోగుల కట్టునే క్రమంగా తెంచివేస్తాయి. ముడి విప్పడం వేరు, తాడు తెగిపోవడం వేరు!

భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు

ఈ కథలో మన తెలుగువారి పేరు ఒకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని వారిద్దరూ 1927లో వెల్లడించారు. 1929లో ఏటీపీని కనుగొన్నట్లు ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. బతికిన కండరం పనిచేయడానికి కారణం వెతికినవారి శ్రమే, చచ్చిన కండరం ఎందుకు బిగుస్తుందో తెలుసుకోవడానికి దారి చూపింది.

గంటల లెక్క

1811లో ఫ్రాన్సులో నిస్టెన్ అనే వైద్యుడు ఈ బిగుతు ఒక వరుసలో కనబడుతుందని రాశాడు. మొదట దవడ, మెడ; ఆ తరువాత చేతులు, మొండెం; చివరికి కాళ్లు. నిజానికి అన్ని కండరాలలోనూ మార్పు ఒకేసారి మొదలవుతుంది. చిన్న కండరాలలో ముందుగా బయటపడుతుంది, అంతే.

మన పెద్దలు ప్రాణం పోగానే కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాళ్లు చాపి బొటనవేళ్లు కలిపి కడతారు. కారణం ఇప్పుడు తెలిసింది కదా! ఆలస్యమైతే నోరు తెరిచినది తెరిచినట్లే బిగుసుకుంటుంది.

వైద్య విద్యార్థులు బట్టీపట్టే సులువైన సూత్రం ఒకటుంది: బిగుసుకోవడానికి 12 గంటలు, అలా నిలవడానికి 12 గంటలు, సడలడానికి 12 గంటలు. అయితే ఇది మోటు లెక్క మాత్రమే. రసాయన చర్యలు వేడిలో వేగంగానూ, చలిలో నెమ్మదిగానూ సాగుతాయని మీ పాఠంలో చదివారు. కండరానికీ అదే నియమం. మే నెలలో తెనాలి ఎండలో బిగుతు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. బంధువులు వచ్చేదాకా ఫ్రీజర్ పెట్టెలో ఉంచితే చాలా కాలం నిలుస్తుంది. చనిపోయే ముందు మనిషి పరుగెత్తినా, పెనుగులాడినా, మూర్ఛలతో కొట్టుకున్నా ఏటీపీ ముందే ఖర్చయిపోతుంది. అప్పుడు బిగుతు ఇంకా త్వరగా వస్తుంది. పసిపిల్లలలోనూ, బాగా చిక్కిపోయినవారిలోనూ అంతే.

శరీరం ఎంత చల్లబడిందో చూసి కాలం లెక్కకట్టే పద్ధతి కూడా ఉంది. చలిదేశాలలో అది బాగా పనికివస్తుంది. మన శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు. బాపట్లలో మే మధ్యాహ్నం గాలి వేడి అంతకు మించితే శరీరం చల్లబడేదెలా? అందువల్ల ఒక దేశంలో తయారైన పట్టికను మరో దేశంలో కళ్లు మూసుకుని వాడకూడదు.

ఒక లెక్క చేద్దాం

ఇది ఊహ మాత్రమే. డిసెంబరులో ఒక ఉదయం 6 గంటలకు కాలువ గట్టున ఒక శవం కనబడింది. దవడ, మెడ, చేతులు బిగిశాయి. కాళ్లు ఇంకా పూర్తిగా బిగియలేదు. అన్నీ పరిశీలించి వైద్యుడు "మరణించి 5 నుంచి 10 గంటలు అయి ఉండవచ్చు" అన్నాడు. అంటే రాత్రి 8 నుంచి 1 గంట మధ్య.

చనిపోయినవానితో రాత్రి 9 దాకా ఉన్న మనిషి మీద అనుమానం వచ్చింది. 9 దాటాక అతడు పదిమంది మధ్య పనిలో ఉన్నాడు. వైద్యుడు తొందరపడి "కచ్చితంగా ఎనిమిదిన్నరకే" అని ఉంటే? ఒక నిరపరాధి జైలుకు పోవచ్చు. అందుకే మంచి వైద్యుడు నిమిషం చెప్పడు, అవధి చెబుతాడు. రక్తం కిందికి దిగి చర్మంపై ఏర్పడిన మచ్చలు, కడుపులోని ఆహారం, చివరిసారి చూసినవారి సాక్ష్యం, అన్నిటినీ కలిపి ఆ అవధిని చిన్నది చేస్తారు. అదే శవం మే నెలలో దొరికితే? అదే స్థితి ఇంకా త్వరగా వచ్చి ఉంటుంది, మరణం అర్ధరాత్రి దాటాక జరిగి ఉండవచ్చు.

మరొక ఆధారం చూడండి. పూర్తిగా బిగిసిన కీలును బలవంతంగా వంచితే అది మళ్లీ బిగియదు. ఒళ్లంతా కొయ్యబారి ఒక చెయ్యి మాత్రం వదులుగా ఉంటే, ఎవరో శవాన్ని కదిపారేమోనని అనుమానించాలి.

మీరూ చేయండి

ఈసారి ఇంట్లో కొర్రమీను కొన్నప్పుడు, పెద్దల అనుమతితో, కోయకముందు దాన్ని తల దగ్గర పట్టుకుని తోక ఎంత వాలిందో చూడండి. అరగంటకొకసారి చూసి కాలం, వాలిన తీరు పట్టికగా రాయండి. మరో రోజు ఐసులో ఉంచిన చేపతో ఇదే చేసి రెండు పట్టికలూ పోల్చండి. ఫలితం ముందే రాసిపెట్టుకోవద్దు, జీవులన్నిటికీ ఒకే లెక్క ఉండదు. బయట చాలాసేపు ఉంచిన చేపను తినకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

అంతా విన్నాక ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, "అయితే మాస్టారూ, నాయనమ్మ చెయ్యి నన్ను వదిలించుకోలేదన్నమాట" అన్నాడు. అవును. ఆ బిగుతులో కోపమూ లేదు, నొప్పీ లేదు. పట్టు విడిపించే ఏటీపీ అయిపోయింది, అంతే.