షూటింగుకి కావలసినవి, థియేటరుకి కావలసినవి

ఈ సంచికలో కంప్యూటరు పాఠం నేను రాస్తున్నాను. జావాస్క్రిప్టు ప్రాజెక్టులో "డిపెండెన్సీ" అనే మాట వస్తది. పేరు పెద్దది గానీ విషయం తేలిక.

డిపెండెన్సీ అంటే ఏమిటి?
మన ప్రోగ్రాము ఆధారపడే వేరేవాళ్ళ ప్రోగ్రామే డిపెండెన్సీ. అన్నీ మనమే రాయలేం కదా! ఎవరో రాసిపెట్టిన ప్యాకేజీని తెచ్చుకుంటాం. 2009లో రయాన్ డాల్ నోడ్ జేఎస్ తయారుచేశారు. దానికి ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎంను 2010లో ఐజాక్ ష్లూటర్ తెచ్చారు. ఏమేం కావాలో ప్యాకేజ్ డాట్ జేసన్ అనే ఫైలులో రెండు జాబితాలుగా రాసి ఉంటది.

రెండు జాబితాలు ఎందుకు?
మన షేక్‌పేట పక్కనే ఫిలింనగర్, జూబ్లీహిల్స్. అక్కినేని నాగేశ్వరరావు గారు 1976లో ఈ దగ్గర్లోనే అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టారు. సినిమా తీయాలంటే క్రేను, లైట్లు, ట్రాలీ, మేకప్పు సామాను అన్నీ కావాలి. మరి సినిమా థియేటరుకి వచ్చినప్పుడు క్రేను కూడా వస్తదా? రాదు. బొమ్మ, శబ్దం మాత్రమే వస్తయి.

మన ఇళ్ళల్లో కూడా అంతే. చింతపండు సంతకి మోసుకుపోతాం గానీ, చింతకాయలు దులిపిన కర్రను మోసుకుపోము. అలాగని కర్ర పనికిరానిది కాదు.

1. డిపెండెన్సీస్: ప్రోగ్రాము నడిచేటప్పుడు కావలసినవి. ఉదాహరణ: ఎక్స్‌ప్రెస్. సర్వరులో ఉండి, అడిగినవాళ్ళకు పేజీ పంపేందుకు వాడతారు.
2. డెవ్ డిపెండెన్సీస్: తయారుచేసేటప్పుడు మాత్రమే కావలసినవి. ఉదాహరణ: జెస్ట్ (పరీక్ష పెడుతుంది), ఈఎస్‌లింట్ (తప్పులు చూపుతుంది).

ఎలా చేర్చాలి?
"ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" అని కొట్టి ప్యాకేజీ పేరు రాస్తే మొదటి జాబితాలో చేరుతుంది. "సేవ్-డెవ్" కూడా కలిపితే రెండో దాంట్లో చేరుతుంది. సర్వరులో "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" పక్కన "ఒమిట్ ఈక్వల్స్ డెవ్" పెడితే రెండో జాబితా దిగదు. సేవ్, ఒమిట్ మాటల ముందు రెండేసి చిన్న గీతలు పెట్టాలి. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

అసలు జాగ్రత్త
ఎక్స్‌ప్రెస్‌ను రెండో జాబితాలో పెడితే ఏమవుతుంది? మన కంప్యూటరులో రెండు జాబితాలూ దిగి ఉంటయి కాబట్టి బాగానే నడుస్తది. సర్వరుకి పోయాక మాడ్యూలు దొరకలేదని ఆగిపోతది. మన ముందు నడిచింది కదా అని నమ్మకూడదు. కొత్త ఫోల్డరులో మొదటి జాబితా ఒక్కటే దించి నడిపి చూడాలి.

మా అమ్మానాన్న బడికి పోలేదు. ఫోనులో పేజీ తెరుచుకోకపోతే తమకే ఫోను వాడడం రాలేదు అనుకుంటారు. తప్పు వాళ్ళది కాదు, తయారుచేసినవాళ్ళది. అందుకే ఈ జాబితా చిన్న విషయం కాదు.

అన్నీ మొదటి దాంట్లోనే వేస్తే పోదా? నడుస్తది గానీ బరువు పెరుగుతది. అవసరం లేని ప్యాకేజీలో లోపం ఉంటే అదీ సర్వరుకి చేరుతది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరసల ప్యాకేజీని రాసినాయన తీసేస్తే ఎన్నో దేశాల్లో ప్రాజెక్టులు ఆగాయి. చాలామందికి అది తమ దగ్గర ఉందనే తెలియదు. వేరే ప్యాకేజీ వెంట వచ్చింది! 2017 నుంచి ఎన్‌పీఎం ప్యాకేజ్ లాక్ అనే ఫైలు కూడా రాస్తుంది. వెంట వచ్చినవాటి పేర్లు, వెర్షన్లు అందులో ఉంటయి. దాన్ని చెరపకండి.

గుర్తు పెట్టుకోండి: ప్యాకేజీ తెచ్చిన ప్రతిసారీ "ఇది షూటింగుకా, థియేటరుకా?" అని అడగాలి.

ప్రశ్నలు
1. ప్రెటియర్ మనం రాసిన కోడును వరసగా సర్దుతుంది. ఏ జాబితా?
2. సర్వరు నడుస్తుండగా డేటాబేసుతో మాట్లాడే ప్యాకేజీ ఏ జాబితా?

జవాబులు కింద అంటించిన కవరులో వేయండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని