ఎలక్ట్రాన్ పుంజానికి వెలుగుతో కొలత



తిరుపతి నుండి చిత్తూరు పోయే బస్సులో పాకాల మండలం గాదంకిని మనలో చాలామంది దాటి ఉంటారు. నేడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పిలిచే అక్కడి కేంద్రంలో 1998లో జపాన్ సహకారంతో లైడార్ అనే పరికరాన్ని నెలకొల్పారు. 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆకుపచ్చ లేజర్ కాంతిని తునకలు తునకలుగా రాత్రివేళ ఆకాశంలోకి పంపుతారు. గాలి అణువులకు, ధూళికి తగిలి చెదిరిన కాంతిలో రవ్వంత వెనక్కి వస్తుంది. 30 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి రావడానికి దానికి సెకనులో ఐదువేలవ వంతు చాలు. ఆ కాలాన్ని బట్టి ఎత్తు, తిరిగొచ్చిన కాంతిని బట్టి గాలి సాంద్రత, దాని నుండి ఉష్ణోగ్రత లెక్కగడతారు.

అదే ఆకుపచ్చ కాంతితో, చెదిరిన దాన్ని లెక్కబెట్టే అదే ఉపాయంతో, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని వస్తువును కొలుస్తారంటే నమ్ముతారా? ఆ వస్తువు కణ త్వరణ యంత్రంలోని ఎలక్ట్రాన్ పుంజం.

గాలి తీసేసిన గొట్టంలో కోట్లాది ఎలక్ట్రాన్లు గుంపులుగా, దాదాపు కాంతి వేగంతో పోతాయి. ఎదురెదురుగా వచ్చే రెండు గుంపులను ఢీకొట్టించాలంటే పుంజం సన్నగా ఉండాలి. లావైతే ఒకదానిలోంచి ఒకటి ఊరకే దూరిపోతాయి, ఒక్క కణం కూడా మరొక కణాన్ని తాకకపోవచ్చు. కాబట్టి అంత ఖర్చు పెట్టి కట్టిన యంత్రం పనికొస్తుందా లేదా అన్నది ఈ కొలత మీదే ఆధారపడుతుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. ఈ సంగతి చెబితే మా నాయన అడిగినాడు: "కంటికి కనపడందాన్ని యాడ పట్టుకొని కొలుస్తార్రా?" సరైన ప్రశ్నే. మొదట్లో శాస్త్రజ్ఞులు సన్నని టంగ్‌స్టన్ తీగనో కార్బన్ తీగనో పుంజానికి అడ్డంగా కొంచెం కొంచెం జరిపి, ప్రతిచోటా ఎన్ని కణాలు చెదిరాయో లెక్కబెట్టేవారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే పద్ధతి. అయితే పుంజం బలంగా ఉంటే తీగ తెగిపోతుంది. పైగా తీగ కంటే సన్నని పుంజాన్ని తీగతో కొలవడం ఎలా? గడ్డపారతో సూది బెజ్జాన్ని కొలిచినట్టే.

అందుకని తీగ స్థానంలో లేజర్ కిరణాన్నే పెట్టారు. వెలుగు తెగదు కదా! అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యంత్రంలో 1990లలో ఈ 'లేజర్ తీగ'ను వాడారు. ఇక్కడ పనిచేసేది 1923లో ఆర్థర్ కాంప్టన్ వివరించిన కాంప్టన్ ఫలితం. పది మార్కుల ప్రశ్న అని దాన్ని బట్టీ పట్టేస్తాం గానీ, అది దేనికి పనికొస్తుందో అడగం. పాఠంలో ఫోటాన్ నిశ్చలంగా ఉన్న ఎలక్ట్రాన్‌ను గుద్ది శక్తి పోగొట్టుకుంటుంది. ఇక్కడ తలకిందులు: పరుగెత్తే ఎలక్ట్రానే ఫోటాన్‌ను గుద్ది, దాని శక్తిని కోటి రెట్లకు పైగా పెంచి గామా కిరణంగా ముందుకు తోస్తుంది. ఆ గామా కిరణాలను లెక్కబెడితే చాలు.

అయినా లేజర్ కిరణాన్ని దాని తరంగదైర్ఘ్యం కంటే బాగా సన్నగా కుదించలేం. ఆ అడ్డంకిని జపాన్ శాస్త్రజ్ఞుడు త్సుమోరు షింటాకే దాటారు. లేజర్‌ను రెండు కిరణాలుగా చీల్చి ఎదురెదురుగా కలిపితే వ్యతికరణం వల్ల వెలుగు, చీకటి చారలు ఏర్పడతాయి. 532 నానోమీటర్ల కాంతికి చారల ఎడం అందులో సగం, అంటే 266 నానోమీటర్లు.

హాస్టల్ వరండాలో కిటికీ ఊచల నీడలు పడతాయి చూడండి. వాటిని దాటే చీమ ఒకసారి పూర్తిగా ఎండలో, ఒకసారి పూర్తిగా నీడలో ఉంటుంది. అదే బర్రె దాటితే దాని మీద ఎప్పుడూ కొంత ఎండ, కొంత నీడ. తేడా ఏమీ తెలియదు. పుంజం చీమలా ఉంటే గామా లెక్క బాగా పెరిగి తగ్గుతుంది. బర్రెలా ఉంటే మారదు. అప్పుడు కిరణాలు కలిసే కోణం తగ్గించి చారల ఎడం పెంచుకోవాలి. ఈ పద్ధతితోనే 1994లో స్టాన్‌ఫర్డ్‌లో సుమారు 70 నానోమీటర్ల ఎత్తు గల పుంజాన్ని కొలిచారు. తర్వాత 2010లలో జపాన్‌లోని సుకుబాలో 50 కంటే తక్కువకు వెళ్లారు. పుంజం గానీ, బల్ల గానీ కాస్త వణికినా కొలత చెడుతుంది. పనిలో అసలు కష్టం అక్కడే.

లెక్క మనమూ చేయొచ్చు. అత్యధిక, అత్యల్ప గామా లెక్కల భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది 'మ' అనుకోండి. 1ని 'మ'తో భాగించి, సహజ సంవర్గమానం తీసి, రెట్టింపు చేసి, వర్గమూలం కట్టి, చారల ఎడంతో గుణించి, 2πతో భాగిస్తే పుంజం సైజు వస్తుంది. ఎడం 266, లెక్కలు 75, 25 అయితే 'మ' 0.5; పుంజం దాదాపు 50 నానోమీటర్లు. ఇంటర్ ఎం.పి.సి. తమ్ముళ్లు, చెల్లెళ్లు 90, 10 లెక్కలతో చేసి చూడండి. జవాబు 28కి దగ్గరగా రావాలి.