పాత ప్యాకింగు తీయడం

మా చెల్లెలు, మరిది రోడ్డు పక్కన మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టారు. నేనూ సాయానికి వెళ్తాను. ఒక రోజు పాలాయన బండి తెచ్చాడు. ఇంజను కుడి పక్కన ఆయిలు కారుతోంది.

"క్లచ్ కవరు ప్యాకింగు పోయింది వదినా" అన్నాడు మరిది.

ప్యాకింగు అంటే ఏమిటి? ఇంజనుకూ దాని మూతకూ మధ్య పెట్టే పలచని అట్ట. కుక్కరు మూతకు రబ్బరు ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. లోపలి ఆయిలును బయటికి రానివ్వదు. ఏళ్ళ తరబడి వేడికి ఎండి లోహానికి అతుక్కుపోతుంది. మాడిన గిన్నె అడుగులాగా.

ముందు అడుగు బోల్టు విప్పి ఆయిలంతా పళ్ళెంలోకి దించాలి. కవరు బోల్టులు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. కలిసిపోతే కష్టం. అందుకని ఒక అట్ట మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చుతాను. పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాను. ఈ పని నేను నేర్చుకున్న అంకెలతోనే!

కవరు తీశాక ఇంజను లోపలికి పాత ముక్కలు పడకుండా శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టాలి. ఆ తర్వాత పాత ప్యాకింగు మీద టిన్నరు రాసి కాసేపు నాననివ్వాలి. టిన్నరు ఇట్టే అంటుకుంటుంది. ఆ దగ్గర పొయ్యి, బీడీ, దీపం ఉండకూడదు. గాలి ఆడేచోట చెయ్యాలి. రంగు మీద పడితే రంగు పోతుంది.

నానిన దాన్ని దేనితో గీకాలి? స్క్రూడ్రైవరుతో మాత్రం వద్దమ్మా. మా షెడ్డులో ఒక కుర్రాడు అలాగే గీకాడు. కవరు అల్యూమినియం, మెత్తటిది. గీత పడింది. కొత్త ప్యాకింగు వేసినా ఆ గీత దారిన ఆయిలు మళ్ళీ కారింది. కొత్త కవరు మేమే కొనిపెట్టాల్సి వచ్చింది. రెండు మూడు రోజుల సంపాదన పోయింది.

గట్టి ప్లాస్టిక్ ముక్క గానీ, చెక్క ముక్క గానీ మంచిది. బాగా అంటుకున్నచోట బ్లేడును వాలుగా పెట్టి నెమ్మదిగా తోయాలి. గరుకు కాగితం వాడకూడదు. దాని పొడి ఇంజనులో పడితే బేరింగులు అరిగిపోతాయి.

ఇంకొక మాట. ఇది ముఖ్యం. పాతకాలపు ప్యాకింగుల్లో రాతినార కలిపేవారు. ఇంటి కప్పు సిమెంటు రేకుల్లో వేసేదీ అదే. కడప జిల్లా పులివెందుల వైపు దాన్ని తవ్వేవారు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ళకు బయటపడుతుంది. ఏ ప్యాకింగులో రాతినార ఉందో చూసి చెప్పలేం. అందుకే పొడిగా గీకకండి. తడిపి గీకండి. నోటితో ఊదకండి, గాలి పైపు పెట్టకండి. తడి ముక్కల్ని సంచిలో మూటకట్టి పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

చివర గోటితో అంచంతా తడిమి చూశాను. ఎక్కడా గరుకు తగల్లేదు. కొత్త ప్యాకింగు పొట్లం మీది అక్షరాలు బండి పేరుతో పోల్చుకున్నాను. మరిది బోల్టులన్నీ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, కొత్త ఆయిలు పోశాడు.

ఆ రాత్రి బండి కింద పాత పేపరు పరిచాం. తెల్లారి చూస్తే పేపరు మీద చుక్క లేదు.

చదివి రాయండి: ప్యాకింగు, టిన్నరు, ఇంజను, రాతినార, దుమ్ము.