అల్మారా వెనుక అడవి

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
1. అద్భుత కథలో ‘వాకిలి’ చేసే పనిని చెప్పగలుగుతారు.
2. తోబుట్టువుల మధ్య నమ్మకం కథను ఎలా నడుపుతుందో గుర్తించగలుగుతారు.
3. తెలిసిన చోటు ఆధారంగా కథకు ఎత్తుగడ రాయగలుగుతారు.

1. పరిచయం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తాల్‌బగీచా అనే పేట ఉంది. రైల్వే పనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. బెంగాలీలో ‘తాల్’ అంటే తాడి, ‘బగీచా’ అంటే తోట. రోజూ పలికే పేరును విడదీసి చూస్తే అందులో ఒక తాటితోపు కనిపిస్తుంది. తెలిసిన చోటు వెనుక తెలియని చోటు దాగి ఉండడమే ఈ పాఠంలోని కథలకు మూలం.

2. కథ

మన బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. అక్కడికి చేరాలంటే ఎంతో దూరం పోవాలి. మరోరకం కథలలో దూరం పోనక్కరలేదు. వాకిలి ఇంట్లోనే ఉంటుంది.

సి.ఎస్. లూయిస్ ఆంగ్లంలో రాసిన ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’ (1950) ఇటువంటిదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బాంబుదాడుల భయంతో పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ అనే నలుగురు తోబుట్టువులను లండన్ నుంచి ఒక ప్రొఫెసరుగారి పల్లెటూరి ఇంటికి పంపుతారు. అందరికన్నా చిన్నదైన లూసీ బట్టల అల్మారాలో దూరి, మంచు కురిసే నార్నియా అడవిలోకి వెళుతుంది. అక్కడ గంటలు గడిపి తిరిగివస్తే ఇక్కడ క్షణమైనా గడవలేదు. మిగతావాళ్ళు వెళ్ళి చూస్తే అల్మారాకు చెక్క తప్ప మరేమీ కనిపించదు.

తరువాత ఎడ్మండ్ కూడా ఆ లోకం చూస్తాడు. అయినా బయటికి వచ్చాక, అదంతా ఉత్త ఆటేనంటాడు. లూసీ ఏడుస్తుంది. పెద్దవాళ్ళిద్దరూ ప్రొఫెసరును అడిగితే ఆయన, ఇద్దరిలో ఎప్పుడూ నిజం చెప్పేది ఎవరని ఎదురు ప్రశ్న వేస్తాడు. లూసీయేనని వాళ్ళు ఒప్పుకుంటారు. చివరకు నలుగురూ నార్నియాలో అడుగుపెట్టాక, పీటర్ చెల్లెలిని క్షమించమని అడుగుతాడు.

3. వివరణ

పరాయివాడు నమ్మకపోతే లూసీ అంతగా బాధపడేది కాదు. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు నమ్మకపోవడమే ఆమెకు కష్టం. చూడని ఎడ్మండ్ ఎగతాళి చేయడం వేరు, చూసి కూడా అబద్ధమాడడం వేరు. రెండోది ద్రోహం. మాయను తీసివేసినా ఈ బాధ మనకు అర్థమవుతుంది. అందువల్లనే కథ నిలుస్తుంది.

4. రాసి చూడండి

కింది ఎత్తుగడ చదవండి.

తమ్ముడు రొప్పుతూ వచ్చి, “అక్కా! గోడ అవతల తాటితోపు ఉందే. నిజంగా!” అన్నాడు. గోడ అవతల రైలుపట్టాలే ఉన్నాయని అక్కకు తెలుసు. కాని వాడి చేతిలో అప్పుడే కోసిన తాటిముంజె ఉంది. అది ముంజెలు దొరికే కాలం కాదు.

ఇక్కడ ముంజె చేసే పని గమనించండి. అక్క నమ్మడానికి అది ఒక ఆధారం. అయినా నమ్మాలో వద్దో తేల్చుకోవలసింది ఆమే.

5. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. బాలనాగమ్మ కథకూ, నార్నియా కథకూ ప్రయాణంలో తేడా ఏమిటి?
2. ప్రొఫెసరు ప్రశ్న పిల్లల ఆలోచనను ఎలా మార్చింది?
3. పై ఎత్తుగడను పది వాక్యాలలో కొనసాగించండి. అక్క తమ్ముణ్ణి నమ్మితే ఏమవుతుంది? నమ్మకపోతే ఏమవుతుంది? రెండు విధాలుగానూ రాసి, పోల్చి చూడండి.

సూచన: మూడో ప్రశ్నకు మాయలోకాన్ని వర్ణించే ముందు అక్క ఇచ్చే జవాబు రాయండి. మిగిలిన కథకు అదే దారి చూపుతుంది.