ఫిజియోథెరపీ చదువుతూ పెళ్లి, తొలి కాన్పు

పేట్ బషీరాబాద్, కొంపల్లి, మేడ్చల్ వైపు నుంచి మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాల్లో ఫిజియోథెరపీ చదివే ఆడపిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇంటర్ బై.పి.సి. కాగానే బి.పి.టి.లో చేరతారు. రెండో ఏడాదో మూడో ఏడాదో వచ్చేసరికి సంబంధాలు మొదలవుతాయి. "పెళ్లయ్యాక మేమే చదివిస్తాం" అని అబ్బాయి తరఫువారు అంటారు. చాలాసార్లు మంచి మనసుతోనే అంటారు. కాని కడుపు పండిన తర్వాత సెలవు ఎలా, పరీక్ష ఎలా, బిడ్డ ఎవరి దగ్గర అన్నది ఎవరూ అనుకొని ఉండరు. చదువు ఆగేది అక్కడే. ఈ నెల పాఠం ఆ విషయమై.

ముందు కోర్సు సంగతి తెలుసుకుందాం. బి.పి.టి. నాలుగున్నర ఏళ్లు. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. 2025లో జాతీయ కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళికలో ఇది ఐదేళ్లు: నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మీ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో కాలేజీలో అడగండి. ఇంటర్న్‌షిప్ పూర్తి కానిదే డిగ్రీ చేతికి రాదు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే రిజిస్టరులో పేరు ఉండాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయి నాలుగేళ్ల పరీక్షలన్నీ పాసై, ఇంటర్న్‌షిప్ రెండు నెలలు చేసి, కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బిడ్డకు ఇప్పుడు మూడేళ్లు. మిగిలిన నాలుగు నెలలు అలాగే ఉన్నాయి. నాలుగేళ్లు ఫీజు కట్టిన తండ్రి ఆ నాలుగు నెలల సంగతి ఎత్తడానికే మొహమాటపడుతున్నాడు.

కాబట్టి సంబంధం కుదిరినప్పుడే, ప్రధానానికి ముందే, రెండు వైపుల పెద్దలు కూర్చొని క్యాలెండరు ముందు పెట్టుకోవాలి. పద్దెనిమిదేళ్లకు చేరిన పిల్ల ఇరవై మూడుకు ముగిస్తుంది. ఆడవారిలో గర్భధారణ శక్తి ముప్పై దాటాక మెల్లగా, ముప్పై ఐదు తర్వాత త్వరగా తగ్గుతుంది. అంటే చదువు ముగిసేదాకా ఆగితే నష్టమేమీ లేదు. "మొదటి బిడ్డకు ముందు మందులు వాడితే గర్భసంచి చెడుతుంది" అని అత్తగార్లు భయపడతారు. అది నిజం కాదు. నిరోధ్, మాలా-ఎన్, ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. కాపర్-టి పిల్లలు లేనివారికి కూడా వేయవచ్చు, తీసిన తర్వాత గర్భం త్వరలోనే రావచ్చు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఆపాక మాత్రం గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. పరీక్షలు కాగానే బిడ్డ కావాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఏది మీకు సరిపోతుందో డాక్టరమ్మతో మాట్లాడి, వీలైతే భర్తను కూడా వెంటబెట్టుకొని వచ్చి నిర్ణయించుకోండి.

అనుకోకుండా నెల తప్పితే? పరీక్షల భయంతో మెడికల్ షాపులో మాత్రలు కొని మింగి, రక్తస్రావంతో క్యాజువాలిటీకి వచ్చిన చదువుకున్న పిల్లలను చూశాం. దయచేసి అలా చేయకండి. ఒక పరీక్ష ఆరు నెలలు ఆలస్యమైతే మళ్లీ రాయవచ్చు.

కడుపుతో ఉన్న విద్యార్థిని మొదట చేయవలసిన పని డిపార్ట్‌మెంటులో చెప్పడం. సిగ్గుపడి నాలుగైదు నెలలు దాచేవారు ఉన్నారు. ఈ చదువులో అలా దాచకూడదు. మొదటి ఏడాది డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ ఆవిరి ఉంటుంది. ఎలక్ట్రోథెరపీ గదిలో షార్ట్‌వేవ్ డయాథర్మీ మెషీన్ ఉంటుంది. గర్భిణి దాన్ని నడపకూడదు, అది నడుస్తుండగా కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి, గది బయట ఉంటే ఇంకా మంచిది. వార్డు పోస్టింగులో పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఒంటరిగా ఎత్తకూడదు. గర్భంలో కీళ్ల బంధనాలు వదులవుతాయి, నడుము తేలికగా పట్టేస్తుంది. రోగులకు నడుము పాఠం చెప్పే అమ్మాయే తన నడుము సంగతి మరచిపోవడం మాకు కొత్త కాదు! టి.బి. వార్డు పోస్టింగును వేరేవారితో మార్చుకోమని అడగండి. గర్భం కోరుకునే నెలకు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు వేసుకోవాలి. రుబెల్లా టీకా మాత్రం గర్భానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి, కడుపుతో ఉండగా వేయరు.

ఇక సెలవు. ఉద్యోగినులకు 2017 సవరణ నుంచి తొలి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. విద్యార్థినికి ఆ చట్టం వర్తించదు. అయితే 2021 డిసెంబరులో యు.జి.సి. డిగ్రీ, పి.జి. విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేయాలని యూనివర్సిటీలకు రాసింది. మన రాష్ట్రంలో ఫిజియోథెరపీ కాలేజీలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు. ప్రిన్సిపాల్‌గారికి రాతపూర్వకంగా, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, కాన్పు తేదీ, తిరిగి చేరే తేదీ రెండూ వేసి ఇవ్వండి. ఒక కాపీ మీద ముద్ర వేయించుకొని దాచుకోండి. ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ ఆగడానికి కాన్పు కారణం కాదు, తిరిగి చేరే తేదీ ఎక్కడా రాసి లేకపోవడమే కారణం.

కాన్పు తర్వాత ఆపరేషన్ అయినవారు ఆరు వారాల వరకు బిడ్డకన్నా బరువైనది ఎత్తకూడదు. కాలేజీకి వెళ్లినా ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలి, అది సాధ్యమే. శుభ్రమైన స్టీలు గిన్నెలోకి పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో గది లెక్క నమ్మకండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. పాలను పొయ్యి మీద కాచకుండా, గోరువెచ్చని నీళ్లలో గిన్నె ఉంచి చల్లదనం పోగొట్టి, ఉగ్గుగిన్నెతో పట్టాలి. ఇది అమ్మమ్మకో నాయనమ్మకో నేర్పవలసిన పని. తిరిగి చేరే తేదీకి పదిరోజుల ముందే ఆమెను వెంటబెట్టుకొని మెటర్నిటీ వార్డుకు రండి, సిస్టర్లు చేసి చూపిస్తారు.