నెల చీటీలో చక్కెర

ప్రశ్న: మా యింట నలుగురము. నెలకు ఆరు కిలోల చక్కెర ఖర్చగుచున్నది. బెల్లమునకు మారినచో మేలు కలుగునా?
– ఒక గృహిణి, చెన్నూరు

జవాబు: అమ్మా, ఆరు కిలోలనగా తలకు దినమునకు 50 గ్రాములు, అనగా ఇంచుమించు పన్నెండు చెంచాలు. 2,000 కేలరీల ఆహారము భుజించువారికి, తేనె, పండ్లరసములతో సహా, ఈ విధమైన తీపి 50 గ్రాములలోపే యుండవలెననియు, 25 గ్రాములకు దిగినచో మఱింత శ్రేయస్కరమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. అంగడి బిస్కట్లు, కూల్‌డ్రింకులు మీ లెక్కలో చేరనేలేదు; 300 మిల్లీలీటర్ల కోలాలోనే 30 గ్రాములకు పైగా చక్కెర యుండును.

బెల్లములోను అధికభాగము చక్కెరయే గనుక, అందలి కించిత్తు ఇనుమును జూచి భ్రమపడరాదు. మన ఆదిలాబాదు ఇప్పపువ్వు లడ్డూలైనను, బెల్లముతో జేసినవైనచో, మితముగానే తినవలయును.

కావున మార్పును చాయ్‌తో ఆరంభింపుడు: కప్పుకు రెండు చెంచాలు వేయుచోట ఒక వారము ఒకటిన్నర, పిమ్మట ఒకటి, నాలుక క్రమముగా అలవాటుపడును. బడినుండి వచ్చిన పిల్లలకు జామపండో, వేయించిన పల్లీలో పెట్టుడు. మధుమేహమునకు మందు వాడువారుండినచో వైద్యుని సలహాతోనే తగ్గింపుడు. మూడు నెలలలో సరుకుల చీటీపై ఆరు అను అంకె మూడైనచో, అది యింటిల్లిపాదికి మీరు చేసిన మహోపకారము.