కొత్తగా గెలిచిన కౌన్సిలర్లకు

జూనియర్ అసిస్టెంటుగా మునిసిపల్ ఆఫీసులో చేరి, మేనేజరుగా రిటైరయ్యాను. ఛైర్మన్లు మారారు, కమిషనర్లు మారారు. కౌన్సిల్ హాల్లో ఓ పక్కన కూర్చుని మినిట్స్ రాసుకుంటూ చాలా పాలకవర్గాలను చూశాను. చిన్న పట్టణాల్లో మొదటిసారి గెలిచినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1. ఎజెండా ఇంటిదగ్గరే చదవండి

సమావేశానికి ముందే ఎజెండా కాగితాలు మీకు అందుతాయి. చాలామంది హాల్లో కూర్చున్నాకే కవరు చింపుతారు. అప్పటికే గుమాస్తా వరసగా అంశాలు చదివేస్తుంటాడు, ముందు వరసలోంచి “ఆమోదం, ఆమోదం” అని వినబడుతుంటుంది. టీ చల్లారేలోపు లక్షల రూపాయల పనులు దాటిపోతాయి. పని ఏ వీధిలో, అంచనా ఎంత, సొమ్ము ఏ పద్దు నుంచి - ఈ మూడూ ప్రతి అంశంలో వెతకండి. సాధారణ నిధులా, ఆర్థిక సంఘం గ్రాంటా అని అడగండి. గ్రాంటు దేనికోసం వచ్చిందో దానికే ఖర్చుపెట్టాలి.

టేబుల్ ఎజెండా అంటూ అప్పటికప్పుడు చేతిలో పెట్టే కాగితంతో ఇంకా జాగ్రత్త. అత్యవసరం కాకపోతే వచ్చే సమావేశానికి వాయిదా వేయమనండి. వినకపోతే మైకు విరగ్గొట్టక్కర్లేదు. మీ అసమ్మతిని, కారణంతో సహా, మినిట్స్‌లో రాయించండి. ఏళ్ల తర్వాత ఆడిట్‌కు వచ్చినవాళ్లు చూసేది ఆ పుస్తకాన్నే.

2. మీ వార్డులో చివరి ఇంటి కుళాయి దగ్గర నిలబడండి

ట్యాంకు దగ్గరి ఇళ్లకు నీళ్లు ధారగా వస్తాయి. చివరి వీధికి వచ్చేసరికి బిందె నిండటమే కష్టం. నీళ్లు వదిలే వేళకు, తెల్లవారుజామైనా సరే, అక్కడికి వెళ్లండి. మురుగు కాలువలోంచి దూరి ఇంట్లోకి వెళ్లే కుళాయి గొట్టాలు చూడండి. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అయ్యాక, సన్నటి చిల్లు ఉన్నా చాలు, కాలువ నీరు లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చే వాసన అదే. విరేచనాలు ప్రబలాక శిబిరం పెట్టడంకంటే ఆ గొట్టాలు పైకెత్తించడం తక్కువ ఖర్చు.

క్లోరిన్ పరీక్ష కిట్టు తెమ్మని అసిస్టెంట్ ఇంజనీరు(ఏఈ)ని అడగండి. కిట్టులోని చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నప్పుడు పసుపు రంగు తేలుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, అదీ చివరి కుళాయిలో. ట్యాంకు దగ్గర పరీక్షించి “బాగుంది” అంటే ఒప్పుకోకండి.

3. పన్ను మాట ఎత్తడానికి భయపడకండి

ఓట్లు పోతాయని బకాయిల జోలికి ఎవరూ వెళ్లరు. సంతలో కూరగాయల గంప దించిన మనిషి దగ్గర మాత్రం ఆశీలు ఆ రోజుకారోజే వసూలవుతుంది. పెద్ద కాంప్లెక్సుల ఆస్తిపన్ను ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. నాకు ఈ అన్యాయం ఎప్పుడూ మింగుడుపడలేదు. బకాయిల జాబితా తెప్పించుకుని పెద్ద మొత్తం నుంచి కిందికి చదవండి.

అయితే జనం పన్నుకు ఎందుకు ఎదురుతిరుగుతారో కూడా గుర్తుంచుకోండి. చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేసి పన్ను భారం ఎన్నో రెట్లు పెంచినందుకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరే ఖాళీ చేసి వెళ్లారు. రామనగర్ అని పేరుపెట్టుకుని, పాకల్లో దాదాపు పదకొండు నెలలున్నారు. పన్ను అడిగేముందు, ఆ వీధికి ఏం చేశామో చెప్పగలగాలి.

4. గెలిచినావిడే కుర్చీలో కూర్చోవాలి

రాజ్యాంగం మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలంటే, మన రెండు రాష్ట్రాల చట్టాలూ సగం ఇచ్చాయి. అయినా ఫైలు గురించి భర్తలు ఫోన్ చేస్తారు, ఇంజనీర్లతో కొడుకులు మాట్లాడతారు. అమ్మా, ఆ ఫైలు మీరే అడగండి. నీళ్లు రాని పొద్దు ఎలా గడుస్తుందో ఆ హాల్లో అందరికంటే మీకే ఎక్కువ తెలుసు.

5. పారిశుద్ధ్య కార్మికుల జీతం

నెల మొదట్లోనే అడగండి. జీతం పడిందా, పీఎఫ్ కట్టారా, చేతి తొడుగులు, బూట్లు ఇచ్చారా అని. పూడిక తీసి కాలువ గట్టున వదిలేస్తే వానకు మళ్లీ కాలువలోకే జారుతుంది. ఎత్తడానికి ట్రాక్టరు ఇవ్వకుండా వాళ్లను తిట్టడం న్యాయం కాదు.

6. మీ తర్వాత కుర్చీలు ఖాళీగా ఉండకూడదు

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పాలకవర్గం గడువు అయిదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నికలు జరగాలి అంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో గడువు ముగిస్తే 2014లో గానీ ఎన్నికలు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ముగిస్తే 2021 మార్చి దాకా ఆగాల్సివచ్చింది. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలనే. వాళ్లకు వేరే బాధ్యతలూ ఉంటాయి. కుళాయి రాలేదని అర్జీ పట్టుకొచ్చిన ఆడవాళ్లు ఎవరిని అడగాలో తెలియక వరండాలో నిలబడేవారు.

అందుకే మీ గడువు ముగిసే ఏడాది మొదట్లోనే, ఎన్నికలు సకాలంలో జరపాలని కౌన్సిల్‌లో తీర్మానం చేసి రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపండి. పార్టీలు వేరైనా ఆ ఒక్క తీర్మానం మీద అందరూ సంతకం పెట్టండి.